రైడ్స్‌కి నాలుగున్నర, పక్కన నిలబడ్డ జనానికి ఒకటిన్నర

ముందే చెప్పేస్తున్నా, థీమ్ పార్క్‌కి వెళ్ళొచ్చా గానీ ఇది రైడ్స్ రివ్యూ కాదు. రైడ్స్ బాగున్నాయి, ఆ విషయంలో ఎవరితోనూ గొడవ లేదు, పెద్ద రోలర్ కోస్టర్ అయితే మామూలుగా లేదు. కానీ పొద్దున గేట్ తీసిన దగ్గర్నుంచి రాత్రి లైట్లు ఆర్పేదాకా ఉన్నా కూడా మనం రైడ్ మీద కూర్చునే టైమ్ అంతా కలిపితే ఎంతో ఉండదు, ఒక్కోటి రెండు మూడు నిమిషాల్లో అయిపోద్ది, మిగతాదంతా జనం మధ్యలో నిలబడటం, నడవటం, మళ్ళీ నిలబడటం. అంటే టికెట్ కొనేది నిజానికి ఆ జనంతో రోజంతా గడపడానికే కదా. మరి రివ్యూలన్నీ ఏ రైడ్ ఎంత ఎత్తు, ఎంత స్పీడు అనే ఉంటాయి గానీ ఆ పక్కన ఉండే మనుషుల గురించి, వాళ్ళని పార్క్ వాళ్ళు ఎలా మేనేజ్ చేస్తున్నారు అనే దాని గురించి ఒక్క ముక్క ఉండదు. అందుకే నేను రాస్తున్నా.

పార్క్ పేరు కావాలనే రాయట్లేదు. నేను చెప్పబోయే తలనొప్పులు సెలవుల్లో ఏ పెద్ద పార్క్‌కి వెళ్ళినా తగిలేవే, తీసుకొచ్చి ఒక్కళ్ళ నెత్తిన రుద్దటం న్యాయం కాదు. వెళ్ళింది నేను, మా అక్క, బావ, వాళ్ళ పిల్లలిద్దరు. సెలవులు, పైగా శనివారం, ఇంక చూస్కోండి.

మొదట అందరికీ బీపీ తెప్పించే బ్యాచ్‌తో మొదలుపెడతా, లైన్‌లో మధ్యలో దూరేవాళ్ళు. పెద్ద కోస్టర్ లైన్‌లో ఉన్నాం, మెలికలు మెలికలుగా తిరిగే రెయిలింగ్, సగం దూరం షెడ్డు లేదు, ఎండ నడినెత్తిన ఉంది. ఇంతలో వెనకనుంచి ఒకాయన చెయ్యి పైకెత్తి "ఎక్స్‌క్యూజ్ మీ, ఎక్స్‌క్యూజ్ మీ, మావాళ్ళు ముందున్నారండీ" అనుకుంటూ వచ్చాడు. సరే పాపం తప్పిపోయాడేమో అని పక్కకి జరిగితే ఆయన వెనకాల ఒకళ్ళ భుజం ఒకళ్ళు పట్టుకుని మొత్తం తొమ్మిదిమంది, అందరికంటే వెనక ఒకావిడ రెండు చేతుల్లో కూల్‌డ్రింకులు పట్టుకుని "కొంచెం చూస్కోండమ్మా, ఒలుకుద్ది" అని మనకే జాగ్రత్తలు చెప్తోంది. ఇంతకీ ఆ ముందున్న "మావాళ్ళు" ఎవరయ్యా అంటే ఒక పన్నెండేళ్ళ కుర్రాడు, ఒక్కడే, ఫోన్‌లో గేమ్ ఆడుకుంటున్నాడు. బస్సు సీట్లో రుమాలు వేసినట్టు వాణ్ణి లైన్‌లో వేసేసి మిగతా కుటుంబం అంతా నీడలో కూర్చుని తినేసి తాగేసి తాపీగా వచ్చిందన్నమాట.

బావ అడిగాడు, "ఏంటండీ ఇది, ఇంతసేపట్నుంచి నిలబడ్డాం కదా మేమంతా" అని. దానికి ఆయన ఆన్సర్ వినండి, "మేం కూడా లైన్‌లోనే ఉన్నామండీ, మావాడు ఉన్నాడుగా" అన్నాడు. మొహంలో ఎక్కడా తేడా లేదు, నిజంగానే అది కరెక్ట్ అనుకుంటున్నాడు మనిషి. దీనికి ఏం చెప్తాం?

ఇక్కడ ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, బయటికెళ్ళి తిరిగొచ్చేవాళ్ళందరూ దొంగలు కాదు. చిన్నపిల్ల టాయిలెట్ అంటే తీసుకెళ్ళక ఏం చేస్తారు, షుగర్ ఉన్న పెద్దాయన అయితే ఎంతసేపని ఆపుకుంటాడు? ఇంతకుముందు మన పక్కనే నిలబడి మనకి మొహం తెలిసినవాళ్ళు వెళ్ళి తిరిగొస్తే ఎవరూ కాదనరు, అసలు నిలబడనే నిలబడకుండా పదిమంది వచ్చి కలవటం వేరు. ఆ తేడా అక్కడ నిలబడ్డ ప్రతివాళ్ళకీ తెలుసు, దూరేవాళ్ళకి ఇంకా బాగా తెలుసు.

సరే, కోపం వచ్చింది, చెయ్యడానికి ఇంకేం పని లేదు, నిలబడి లెక్క వేసా. ఆ కోస్టర్ ట్రైన్‌కి 24 సీట్లు. దాదాపు నిమిషంన్నరకి ఒక ట్రైన్ వదులుతున్నారు. అంటే గంటకి 40 ట్రైన్లు, 960 మంది. ఒక్కో మనిషికి నాలుగు సెకన్లు కూడా పట్టట్లేదు. అంటే ఆ తొమ్మిదిమంది మా ముందు దూరడం వల్ల మాకు పోయింది అరనిమిషం, ఇంకో నాలుగు సెకన్లు వేస్కోండి. అంతే. ఆ అరనిమిషం కోసం బావ మొహం ఎర్రగా అయిపోయింది, వెనకాయన ఎవరో షర్ట్ చేతులు మడిచాడు, మా అక్క ఏమో "మీరు ఊరుకోండి, పిల్లలున్నారు" అని మధ్యలో. దూరింది తప్పు కాదని అనట్లేదు, తప్పే, పైగా ఒకళ్ళని చూసి ఇంకొకళ్ళు మొదలుపెడితే అరనిమిషాలన్నీ కలిసి అరగంట అవుద్ది. కానీ ఆ రోజు మా టైమ్‌ని అసలు తినేసినవాళ్ళు వీళ్ళు కాదు, ఆ విషయం పైన ప్లాట్‌ఫామ్ ఎక్కాకే తెలిసింది.

ప్లాట్‌ఫామ్ మీద ఏం జరుగుద్దో చెప్తా, ఎక్కినవాళ్ళకి తెలిసిందే. ట్రైన్ వస్తుంది, చిన్న గేట్లు తెరుచుకుంటాయి, రెండో మూడో నంబర్ వరసలో మీరు కూర్చోవాలి, సామాన్లు అవతల అరలో పెట్టాలి, సీటుకి ఉండే సేఫ్టీ బార్ కిందికి దించుకోవాలి, స్టాఫ్ వచ్చి ఒక్కోటి లాగి చూసి బొటనవేలు పైకెత్తుతారు, ట్రైన్ కదులుద్ది. ఇంతే పని. కానీ ఇక్కడికొచ్చాక ఒకళ్ళకి జేబులో ఫోన్ ఉందని అప్పుడు గుర్తొస్తుంది, ఒకళ్ళు టోపీ తియ్యను అంటారు, ఒకమ్మాయి బార్ దించాక మళ్ళీ ఎత్తించుకుని హ్యాండ్‌బ్యాగ్ అవతల పెట్టడానికి దిగింది, ఐదుగురు ఫ్రెండ్స్ వచ్చి వరసకి నలుగురే అంటే "లేదు బ్రో మేం ఐదుగురం కలిసే కూర్చుంటాం" అని స్టాఫ్‌తో బేరం పెట్టారు. కూరగాయలా బేరమాడటానికి? సీట్లు నాలుగే ఉన్నాయి! ఆ స్టాఫ్ కుర్రాడు ఇరవై ఏళ్ళు కూడా ఉండవు, నవ్వుతూనే ఉన్నాడు పాపం, ఎన్నిసార్లు అదే చెప్పాడో. అన్నిటికంటే హైలైట్, ఒక నాన్నగారు, బాబు హైట్ సరిపోలేదని కింద ఎంట్రన్స్ దగ్గర కర్ర పెట్టి కొలిచి వద్దన్నారంట, ఎలాగో పైకి తెచ్చేసాడు, ఇక్కడ మళ్ళీ కొలిస్తే మళ్ళీ సరిపోలేదు, "షూస్ వేస్తే సరిపోద్ది చూడండి" అని ఆర్గ్యుమెంట్. హైట్ రూల్ ఉన్నది ఆ బార్ పిల్లాడి ఒంటికి సరిగ్గా బిగుసుకోదు కాబట్టి, మీ బాబు మీద పగతో కాదు సార్.

ఇప్పుడు మళ్ళీ లెక్క చూడండి. ఇలాంటివాటి వల్ల ఒక్కో ట్రైన్‌కి ఇంకో అరనిమిషం లేటు అయిందనుకోండి, నిమిషంన్నర కాస్తా రెండు నిమిషాలు అవుద్ది, గంటకి 40 ట్రైన్లు కాస్తా 30 అవుతాయి, 960 మంది ఎక్కాల్సిన చోట 720 మందే ఎక్కుతారు. మీ ముందు 480 మంది ఉన్నారనుకుంటే అరగంటలో అవ్వాల్సింది నలభై నిమిషాలు. తొమ్మిదిమంది దూరితే పోయింది అరనిమిషం, వీళ్ళ వల్ల పోయింది పది నిమిషాలు. పైగా వెనక ట్రైన్‌లో ఆల్రెడీ ఒక రౌండ్ తిరిగొచ్చినవాళ్ళు స్టేషన్ బయట బ్రేకుల మీద ఆగిపోయి ఉంటారు, ఎందుకంటే ముందు ట్రైన్ కదిలి స్టేషన్ ఖాళీ అయితే గానీ వెనకది లోపలికి రాకూడదు, అది సేఫ్టీ సిస్టమ్, ఎవరూ ఏం చెయ్యలేరు. మేం కూడా అలా ఎండలో బార్ కింద ఇరుక్కుని కూర్చున్నాం, ఎదురుగా ప్లాట్‌ఫామ్ మీద ఎవరో టోపీ వెతుక్కుంటుంటే చూస్తూ. అయినా విచిత్రం ఏంటంటే లైన్‌లో దూరినవాణ్ణి నలుగురు కలిసి తిడతారు, ఈ టోపీ మనిషిని ఒక్కళ్ళూ ఏమీ అనరు!

అందుకే ఈ విషయంలో నాకు నచ్చేది ముందే అన్నీ తీసేయించే పార్కులు. అమెరికాలో ఓర్లాండోలో యూనివర్సల్ పార్క్ వాళ్ళు కొన్ని పెద్ద కోస్టర్ల దగ్గర ఎయిర్‌పోర్టులో లాగా మెటల్ డిటెక్టర్ పెట్టారు, లాకర్లో పెట్టి ఖాళీ జేబులతోనే లోపలికి వెళ్ళాలి, ప్లాట్‌ఫామ్ మీద ఇంక చర్చే లేదు. డిస్నీ పార్కుల్లో 2015లో సెల్ఫీ స్టిక్‌లు బ్యాన్ చేసారు, కాలిఫోర్నియాలో ఎవరో కోస్టర్ మీద స్టిక్ బయటికి తీస్తే రైడ్ ఆపెయ్యాల్సి వచ్చింది, ఆ తర్వాతే ఈ నిర్ణయం. మేం వెళ్ళిన చోట లాకర్లు ఉన్నాయి గానీ రైడ్‌కి చాలా దూరంగా ఎంట్రన్స్ దగ్గర, ఎవరు వెళ్ళి పెడతారు? ఇది పూర్తిగా పార్క్ తప్పు, జనాన్ని అని లాభం లేదు.

ఇంక నడిచే దారి. ఇక్కడ పెద్దగా చెప్పేదేం లేదు, హఠాత్తుగా నడి దారిలో ఆగిపోయి మ్యాప్ చూసుకునేవాళ్ళు, ఆరుగురు అడ్డంగా చేతులు పట్టుకుని నడిచేవాళ్ళు, స్ట్రోలర్ (పిల్లల్ని కూర్చోబెట్టి తోసే బండి) తోసుకుంటూ ఎదుటివాళ్ళ మడమల మీదకి ఎక్కించేసేవాళ్ళు. మా అక్క మడమ తోలు లేచిపోయింది, ఆవిడ సారీ కూడా ఫోన్‌లో మాట్లాడుతూనే చెప్పింది. కొందరివి స్ట్రోలర్లు కావు బాబోయ్, బండ్లు, ఇద్దరు పిల్లలు ఒక ఐస్ బాక్స్ పైన ఒక గొడుగు. అమెరికాలో డిస్నీ వాళ్ళు 2019 మే 1 నుంచి స్ట్రోలర్ 31 అంగుళాల వెడల్పు, 52 అంగుళాల పొడవు దాటకూడదని రూల్ పెట్టారు, లాగుకుంటూ వెళ్ళే బండ్లు పూర్తిగా వద్దన్నారు, అదే రోజు నుంచి సిగరెట్ తాగే చోట్లు కూడా పార్క్ లోపల తీసేసి గేట్ బయట పెట్టారు. అప్పట్లో చదివినప్పుడు మరీ ఇంతా అనుకున్నాగానీ మా అక్క మడమ చూసాక ఆ టేప్ పట్టుకుని కొలిచేవాడికి దండం పెట్టాలనిపించింది.

పరేడ్, అంటే పార్క్‌లో బ్యాండ్‌తో వచ్చే ఊరేగింపు, దాని దగ్గర గొడవ ఇంకో రకం. పరేడ్ మొదలవ్వడానికి చాలా ముందే మేం తాడు పక్కన కూర్చున్నాం, పిల్లలిద్దరూ ముందు. సరిగ్గా బ్యాండ్ సౌండ్ వినపడగానే వెనకనుంచి ఒకావిడ తన బాబుని ముందుకి తోసి "చిన్నపిల్లాడు కదా, కనపడదు, కొంచెం జరగండి" అంది, సరే మా చిన్నది జరిగింది. బాబు వెనకాలే అమ్మ కూడా వచ్చింది, "వాడు నేను లేకపోతే ఏడుస్తాడు". అమ్మ వెనకాల నాన్న, వీడియో తియ్యాలిగా. ఒకే నిమిషంలో మేం మూడో వరసలోకి వెళ్ళిపోయాం, మా చిన్నదానికి ఎదురుగా ఆ నాన్నగారి జీన్స్ ప్యాంట్ వెనక జేబు తప్ప ఏం కనపడట్లేదు. దీనికి తోడు భుజాల మీద పిల్లల్ని ఎక్కించుకునేవాళ్ళు, నెత్తికి పైన ఇంత వెడల్పు ట్యాబ్ పట్టుకుని అరగంట పరేడ్ మొత్తం రికార్డ్ చేసేవాళ్ళు. వెనకున్నవాళ్ళు కూడా ఆ ట్యాబ్ స్క్రీన్‌లోనే పరేడ్ చూడాలి, వేరే దారి లేదు.

టోక్యో డిస్నీలో ఈ విషయంలో పద్ధతి బాగుంటుంది, పరేడ్‌కి గంట ముందు నుంచే చోటు పట్టుకోవచ్చు, అంతకుముందు కుదరదు, చిన్న షీట్ పరుచుకుని కూర్చుంటారు, ముందు వరసల వాళ్ళు పరేడ్ అయ్యేదాకా కూర్చునే ఉండాలి, వెనకాల నిలబడేవాళ్ళకి కనపడుద్ది. స్టాఫ్ తిరుగుతూ చెప్తుంటారు. జనం అక్కడ తక్కువేం కాదు, రూల్ అందరికీ ఒకటే అని తెలిస్తే మనుషులు వాళ్ళంతట వాళ్ళే సర్దుకుంటారు. మేం వెళ్ళిన చోట తాడు కట్టి వదిలేసారు, మిగతాది బలవంతుడిదే రాజ్యం.

చీకటి రైడ్లలో ఫోన్ ఫ్లాష్‌లు, లైన్‌లో స్పీకర్ పెట్టి రీల్స్, అదే పాట ఇరవైసార్లు, ఇవి రాయడం కూడా వేస్ట్, అందరూ పడుతున్నదే. నీళ్ళ ఏరియాలో పడుకునే కుర్చీల మీద పొద్దున్నే తువ్వాళ్ళు వేసి సాయంత్రం దాకా కనపడని వాళ్ళు కూడా అంతే. కానీ స్లైడ్ నుంచి కిందికి పడ్డాక అక్కడే నీళ్ళల్లో నిలబడి పైవాళ్ళకి చెయ్యి ఊపుతూ వీడియోకి పోజులిచ్చేవాళ్ళని మాత్రం ఊరికే వదలకూడదు, పైనుంచి వచ్చే మనిషి నేరుగా వచ్చి వాళ్ళ వీపు మీద పడతాడు. అది చిరాకు కాదు, దెబ్బలు తగిలే పని. అక్కడున్న లైఫ్‌గార్డ్ విజిల్ వేస్తూనే ఉంది, ఆ అమ్మాయికి ఫుల్ మార్కులు.

ఇప్పుడు ఎక్స్‌ప్రెస్ పాస్, అంటే అదనంగా డబ్బులు కట్టి వేరే లైన్‌లో తొందరగా వెళ్ళే పాస్ గురించి, ఎందుకంటే ఈ గోలంతా తప్పించుకోవాలంటే అదే దారి అని అందరూ చెప్తారు. మధ్యాహ్నం దాటాక విసుగొచ్చి మేం కూడా కొన్నాం. నిజం చెప్పాలంటే పని చేస్తుంది, లైన్ వెయిటింగ్ బాగా తగ్గింది, దాన్ని కాదనలేం. కానీ ఒక ఫీలింగ్ ఉంటుంది చూడండి, పక్కన రెయిలింగ్ అవతల గంట నుంచి నిలబడ్డ జనం మన మొహాలు చూస్తుంటే వాళ్ళ పక్కనుంచి ఖాళీ దారిలో నడుచుకుంటూ పోవడం... ఒకాయన అననే అన్నాడు, "డబ్బులుంటే దూరినా తప్పు లేదన్నమాట" అని. నా దగ్గర ఆన్సర్ లేదు. డిస్నీ వాళ్ళు 1999లో ఫాస్ట్‌పాస్ మొదలుపెట్టినప్పుడు అది ఫ్రీ, టికెట్ ఉన్న ఎవరైనా టైమ్ తీసుకుని తర్వాత రావచ్చు, 2021లో అది ఎత్తేసి డబ్బులు కట్టే సిస్టమ్ పెట్టారు. ఫ్రీగా ఉన్నప్పుడు అది లైన్ మేనేజ్‌మెంట్, డబ్బులు పెట్టాక ఏంటో మీరే చెప్పండి.

ఇంకో విషయం గమనించా, ఎక్స్‌ప్రెస్ లైనూ మామూలు లైనూ కలిసే చోట ఒక స్టాఫ్ నిలబడి అటునుంచి కొందరిని ఇటునుంచి కొందరిని వదులుతుంటాడు, మామూలు లైన్ కదలకపోవడానికి ఇంకో పెద్ద కారణం అదే, అటువాళ్ళని ఎక్కువ వదులుతారు. మేం ఇంతకుముందు తొమ్మిదిమంది మీద కోపం తెచ్చుకున్న లైన్‌లోనే ఆ టైమ్‌లో ఎక్స్‌ప్రెస్ వాళ్ళు మాకంటే ముందు వందల్లో వెళ్ళి ఉంటారు, వాళ్ళని ఎవరూ ఏం అనలేదు. పాస్‌కి రేటింగ్ ఇవ్వమంటే మూడు ఇస్తా. లైన్ తప్పిస్తుంది గానీ పరేడ్ దగ్గరా, నడిచే దారిలో, టాయిలెట్ల దగ్గరా అది చెల్లదు కదా, ప్లాట్‌ఫామ్ మీద టోపీ మనిషి అయితే పాస్ ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ ఒకటే.

షార్ట్‌కట్ ఉందంటే దాన్ని వాడేసుకునేవాళ్ళు కూడా ఉంటారు. నడవలేనివాళ్ళ కోసం, ఇంకా ఇతర ఇబ్బందులు ఉన్నవాళ్ళ కోసం పెద్ద పార్కుల్లో వేరే ఏర్పాటు ఉంటుంది. 2013లో అమెరికాలో బయటపడింది ఏంటంటే డబ్బున్న కొన్ని కుటుంబాలు వికలాంగుల్ని గైడ్‌లుగా డబ్బులిచ్చి తెచ్చుకుని వాళ్ళ పేరుతో లైన్లు తప్పించుకుంటున్నారని, ఆ ఏడాదే డిస్నీ పాత కార్డు పద్ధతి తీసేసి కొత్తది పెట్టింది, 2024లో ఇంకా టైట్ చేసి అబద్ధం చెప్తే పార్క్‌లోకి శాశ్వతంగా రానివ్వం అన్నారు. చివరికి నష్టపోయింది ఎవరు, నిజంగా అవసరం ఉన్నవాళ్ళే, ఇప్పుడు వాళ్ళు ప్రతిదానికీ వివరణ ఇచ్చుకోవాలి. ఇదేం ఇవాళ్టి రోగం కాదులెండి, 1955 జులై 17న డిస్నీల్యాండ్ మొదటిసారి తెరిచిన రోజే వేలమంది దొంగ టికెట్లతో లోపలికి వచ్చేసారు.

డబ్బులు పెట్టకుండా పనిచేసేది ఒకటుంది, సింగిల్ రైడర్ లైన్. నలుగురి వరసలో ముగ్గురే వస్తే మిగిలిన సీట్లోకి ఒంటరి మనిషిని వేస్తారు. బావ, నేను రెండుసార్లు అలా వెళ్ళాం, మామూలు లైన్‌లో సగం కూడా పట్టలేదు. దీన్ని కూడా చెడగొట్టేవాళ్ళు ఉన్నారు, సింగిల్ లైన్‌లో వచ్చి పైకెళ్ళాక "మేం ఇద్దరం కపుల్ అండీ, విడదియ్యకండి" అంటారు. అమ్మా, బోర్డు మీద సింగిల్ అని ఇంత అక్షరాలతో రాసి ఉంది.

మరి ఇలాంటి మనుషులతో ఏం చెయ్యాలి అంటే, నా మటుకు నేను అక్కడికక్కడ గొడవ పెట్టుకోవడం పూర్తిగా దండగ అంటా. కావాలని దూరినవాడు గొడవ పడితే వెనక్కి వెళ్ళడం నేను ఎప్పుడూ చూళ్ళేదు, ఇంకా పైకి ఎక్కుతాడు, ఆ తర్వాత మిగిలిన గంట వాళ్ళ పక్కనే నిలబడాలి, అది ఇంకా నరకం. అడిగితే ఒకేసారి, మామూలు గొంతుతో, "లైన్ అక్కడ్నుంచి అండీ" అని అడగండి, కొందరు నిజంగానే చూసుకోక వచ్చేస్తారు, సిగ్గుపడి వెళ్ళిపోతారు. వెళ్ళకపోతే వదిలెయ్యండి, లైన్లు కలిసే చోట స్టాఫ్ ఉంటారు చూడండి, ఆ మనిషికి మెల్లగా చెప్పండి, ఎర్ర టీషర్ట్, తొమ్మిదిమంది, మధ్యలో కలిసారు, అని. వాళ్ళకి ఆపే అధికారం ఉంటుంది, మనకి ఉండదు. లైన్‌లో దూరితే బయటికి పంపేస్తాం అని చాలా పార్కులు బోర్డు మీదే రాస్తాయి. వాళ్ళ వీడియో తీసి ఎక్కడో పెట్టడం మాత్రం వద్దు, అందులో వాళ్ళ పిల్లలు కూడా ఉంటారు.

అయితే ఇక్కడే మేం వెళ్ళిన పార్క్‌కి మార్కులు పోయాయి. బావ చెప్తే ఆ స్టాఫ్ "సార్ నేనొక్కణ్ణే ఉన్నా, ఏం చెయ్యమంటారు" అన్నాడు, అతని మాటలో అబద్ధం లేదు, గేట్ లెక్కపెట్టేదీ అతనే, పాస్ స్కాన్ చేసేదీ అతనే. అదే పార్క్‌లో ఇంకో రైడ్ దగ్గర మాత్రం ఎంట్రన్స్‌లో ఒకమ్మాయి, మహా అయితే పాతికేళ్ళు ఉంటాయి, ప్రతి గుంపునీ ఆపి "మొత్తం ఎంతమంది, అందరూ వచ్చారా, రాకపోతే అందరూ వచ్చాకే లోపలికి" అని అడుగుతోంది, టాయిలెట్‌కి బయటికెళ్ళేవాళ్ళ చేతికి ఒక చిన్న కార్డు ఇచ్చి పంపుతోంది, కార్డు ఉంటేనే తిరిగి లోపలికి. అంతే. ఆ లైన్‌లో మేం ఉన్నంతసేపు ఒక్కళ్ళు కూడా దూరలేదు, ఒక్క గొడవ లేదు. అదే జనం అక్కడా ఇక్కడా, ఆ తొమ్మిదిమంది ఎర్ర టీషర్ట్ బ్యాచ్ కూడా ఇక్కడ బుద్ధిగా నిలబడ్డారు, నా కళ్ళతో చూసా. కాలిఫోర్నియాలో నాట్స్ బెర్రీ ఫామ్ అనే పార్క్ వాళ్ళు 2022లో కుర్రాళ్ళ గొడవలు ఎక్కువై కొన్ని రోజుల్లో 17 ఏళ్ళు, అంతకంటే తక్కువ ఉన్నవాళ్ళు పెద్దవాళ్ళు లేకుండా రాకూడదని రూల్ పెట్టారు, అంత దాకా వెళ్ళక్కర్లేకుండా గుమ్మం దగ్గర ఒక్క మనిషితో చాలావరకు ఆగిపోయేవి ఉంటాయి.

వెళ్ళేవాళ్ళకి రెండు ముక్కలు. గేట్ తీసే ముందే అక్కడ ఉండండి, మొదటి గంటలో పెద్ద రైడ్లు అయిపోగొట్టండి, ఆ టైమ్‌లో వచ్చేవాళ్ళు కూడా కొంచెం పద్ధతిగా ఉంటారు ఎందుకో మరి. పరేడ్ టైమ్‌లో రైడ్లకి వెళ్ళండి, జనం అంతా అటుంటారు. రాత్రి మూసే ముందు కూడా మంచిదే, మూసే టైమ్‌కి లైన్‌లో ఉన్నవాళ్ళని మామూలుగా ఎక్కిస్తారు, మేం చివర్న అలాగే ఎక్కాం. ఫోన్, టోపీ, కళ్ళద్దాలు లైన్‌లో ఉన్నప్పుడే బ్యాగ్‌లో పెట్టి జిప్ వేసెయ్యండి, ప్లాట్‌ఫామ్ మీద కాదు, దయచేసి.

రేటింగ్‌కొస్తే రైడ్స్ నాలుగున్నర, శుభ్రత నాలుగు, స్టాఫ్ నాలుగు (ఉన్నవాళ్ళకి, సంఖ్యకి కాదు), లైన్ల మేనేజ్‌మెంట్ రెండు, తోటి జనం ఒకటిన్నర, ఆ అర ఎందుకంటే మా చిన్నది పరేడ్‌లో ఏడుస్తుంటే ఎవరో తెలీని తాతగారు లేచి తన చోటు ఇచ్చి వెనక్కి వెళ్ళి నిలబడ్డారు. మళ్ళీ వెళ్తామా అంటే వెళ్తాం, స్కూళ్ళు తెరిచాక, వారం మధ్యలో. బయటికొచ్చేటప్పుడు ఫీడ్‌బ్యాక్ ఇవ్వమని ట్యాబ్ చేతిలో పెట్టారు, అక్క స్ట్రోలర్ల గురించి రాయమంది, బావ ఆ తొమ్మిదిమంది గురించి రాయమన్నాడు, నేను మాత్రం కోస్టర్ పక్కనే లాకర్లు కట్టండి, ప్లాట్‌ఫామ్ మీద ఇంకో మనిషిని పెట్టండి అని రాసి సబ్మిట్ కొట్టేసా.